సామి చోటు

నల్లమల అంచున జిల్లేళ్ల వాగు ఒడ్డున మేసే గేదెల మందకి ఒక ఆనవాయితీ ఉంది. మిట్టమధ్యాహ్నం కాపరి తుమ్మచెట్టు కింద చేరి కండువా మొహం మీద కప్పుకోగానే, గేదెలన్నీ వాగులోంచి లేచి వచ్చి గుండ్రంగా పడుకుంటాయి. తలలు బయటికి, తోకలు లోపలికి. నడిమధ్యన దూడలు. ఆ గుండ్రంలో వాగు వైపున ఒక్క గేదె పట్టేంత జాగా మాత్రం ఖాళీగా వదిలేస్తాయి. దాని పేరు సామి చోటు.

"మనల్ని పుట్టించినవాడు మనతో పాటు కాపలాకి వస్తాడు. వచ్చినవాడు నిలబడ్డానికి చోటుండొద్దూ?" అని వాటి ముత్తవ్వలు చెప్పిపోయారు. అందుకే పడుకునే ముందు ప్రతి గేదే నోటెడు పచ్చిగడ్డి తెచ్చి అక్కడ వేస్తుంది.

నిరుడు వానల్లో ఆ ఖాళీలోంచే తోడేలు దూకి ఈరమ్మ దూడని ఎత్తుకుపోయింది.

మరొకరైతే మళ్లీ ఆ చోటు మొహం చూడరు. ఈరమ్మ మర్నాటి నుంచి సరిగ్గా ఆ ఖాళీ పక్కకే వచ్చి పడుకోవడం మొదలుపెట్టింది. అందరికంటే లేత గడ్డి ఏరి తెచ్చి వేసేదీ ఆవిడే. ఎవరైనా జాలిగా చూస్తే, "ఎండ బాగా ఉంది కదూ" అని మాట మార్చేసేది.

చామంతికి ఈ సంగతి ఎంత ఆలోచించినా కొరుకుడు పడేది కాదు. చామంతిది తొలిచూలు. ఈని పదిరోజులైంది. పెయ్యకి ఇంకా కాళ్లు కుదురుకోలేదు. లేస్తే ముందుకాళ్లు ఒకవైపు పోతాయి, వెనకకాళ్లు ఇంకోవైపు పోతాయి. ఆ పెయ్య పడ్డప్పుడల్లా చామంతి గుండె పడేది.

ఆ రోజు పొద్దున చామంతి వాగులో నీళ్లు తాగుతుంటే అవతలి గట్టున నక్క కూర్చుని ఉంది.

"బాగున్నావా చెల్లీ? పెయ్యా, దున్నా?"

"పెయ్య. నువ్వు దూరంగానే ఉండు."

"దూరంగానే ఉన్నాగా! మధ్యలో వాగుంది. ఒక్క మాట అడిగి పోతాను. మిమ్మల్ని పుట్టించినవాడు మంచివాడేనా?"

"మంచివాడే."

"మరి తోడేల్ని పుట్టించిందెవరు?"

చామంతి నీళ్లు తాగడం ఆపేసింది.

"చెప్పమ్మా. ఇద్దరున్నారా? గడ్డి మొలిపించేవాడు ఒకడూ, కోరలు మొలిపించేవాడు ఒకడూ?"

"లేదు. ఒక్కడే."

"ఒక్కడే అయితే, ఈరమ్మ దూడ అరిచినప్పుడు ఆయనకి వినపడలేదా? వినపడీ రాలేకపోయాడా? రాగలిగీ రాలేదా? తెలియకే అడుగుతున్నాను, కోప్పడకు. అడగడం కూడా తప్పేనా?"

 నక్క గొంతు తగ్గించి అంది: "నీ మేలు కోరి చెబుతున్నా. అక్కడ సామీ లేడు, గీమీ లేడు. ఎవరి పిల్లని వాళ్లు చూసుకోవడమే. పైగా ఆ ఖాళీకి ఎదురుగానే కదూ నీ పెయ్య పడుకునేది? ఇవాళ దాన్ని తీసుకుని ఆ రెల్లు దుబ్బుల వైపు పోయి పడుకో. చల్లగా ఉంటుంది."

ఆ మాట ముల్లులా దిగింది. చామంతి పొద్దుటి మేత మేయలేదు. పెయ్య పాలు తాగుతుంటే దాని వీపు నాకుతూ, రెల్లు దుబ్బుల వైపు నాలుగుసార్లు చూసింది, మళ్లీ ఈరమ్మ వైపు చూసింది. 'ఈ పెద్దమ్మకి ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదా? తట్టీ ఊరుకుందా?'

ఎండ ముదిరింది. మంద గుండ్రంగా సర్దుకుంటోంది. చామంతి పెయ్యని లేపుకుని మందలోంచి బయటికి నాలుగడుగులు వేసింది. అంతలో మళ్లీ నక్క గొంతే వినపడేసరికి ఆగిపోయింది. ఈసారి నక్క మందపెద్ద గురవన్న ముందు నిలబడి ఉంది. గురవన్న ముసలి దున్నపోతు. మనసు వెన్న, బుద్ధి మాత్రం కాస్త నిదానం. పొగిడితే చెవులు వెనక్కి వాలిపోతాయి.

"పెద్దయ్యా, మీ మంద భక్తిని గురించి నాలుగు కొండల అవతల కూడా చెప్పుకుంటున్నారు. కాకపోతే ఒక్కటే వెలితి."

"ఏమిటది?"

"సామికి చోటు వదులుతారు. బాగుంది. ఆ పక్కనే ఈరమ్మత్త కొమ్ములు దించుకుని కాపలా కూర్చుంటుంది! ఇంటికి పిలిచిన చుట్టం పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డట్టు లేదూ? ఆయన మంచివాడని నమ్మినప్పుడు ఈవిడ కాపలా ఎందుకు? అందుకే అలిగి రావడం మానేశాడేమో. ఒక్కపూట ఆవిణ్ణి అక్కణ్ణుంచి లేపి చూడండి."

గురవన్న నెమరు ఆపి, "నిజమే సుమా!" అన్నాడు.

చామంతి ఉండబట్టలేకపోయింది. "ఏమోయ్ నక్కా! పొద్దున సామే లేడన్నావు. ఇప్పుడు అలిగాడంటున్నావా?"

"పొద్దున నీ నమ్మకాన్ని పరీక్షించాను చెల్లీ," అంది నక్క, కళ్లయినా ఆర్పకుండా.

అందరూ ఈరమ్మ వైపు తిరిగారు. ఇంత మాట పడ్డాక తిరగబడుతుందనుకున్నారు. ఆవిడ ముక్కుపుటాలు మాత్రం ఒకసారి అదిరాయి.

"నాయనా, కాస్త దగ్గరికి రా. ఈ మధ్య నాకు చూపు ఆనడం లేదు."

నక్క దగ్గరికి వచ్చింది. ఈరమ్మ దాని వీపు మీద మూతి ఆనించి, ఆశీర్వదిస్తున్నట్టుగా గట్టిగా గాలి పీల్చింది. తర్వాత నెమ్మదిగా అంది:

"పిల్లవాడు చెప్పిందాంట్లో తప్పేముంది గురవన్నా? లేస్తాను. కాకపోతే మన మందలో ఒక పద్ధతి ఉంది కదా. ఒకరిని కాపలాలోంచి లేపినవాళ్లు, ఆ పూట ఆ కాపలా తాము కాయాలి."

"అవునవును. తాతలనాటి పద్ధతి," అన్నాడు గురవన్న. పద్ధతి అనేసరికి ఆయనకి ఎక్కడలేని హుషారు వస్తుంది. "నక్కబాబూ, రా. వాగు వైపు మొహం పెట్టి కూర్చో. ఎండ తిరిగేదాకా లేవకూడదు."

నక్క వెనక్కి జరిగింది. "నేనా? నేను పైవాణ్ణి కదా పెద్దయ్యా..."

"నీలాంటి భక్తుడికి పైవాడేమిటి, లోపలివాడేమిటి," అని గురవన్న కొమ్ముతో సున్నితంగా తోశాడు. ఆయన సున్నితం ఎంతుంటుందంటే, నక్క రెండు పల్టీలు కొట్టి సరిగ్గా సామి చోటులో గడ్డి మీద పడింది.

ఈరమ్మ వెనకకాళ్లు కూడదీసుకుంటూ లేవబోయింది.

"వద్దత్తా, వద్దు! కూర్చో, కూర్చో!" నక్క గొంతు కీచుమంది.

"అదేం నాయనా, లేవమన్నది నువ్వేగా?"

ఈరమ్మ లేచింది. లేచి పక్కకి పోలేదు. రెండడుగులు వెనక్కి వేసి, దూడలకి అడ్డంగా నిలబడి, తల తిప్పకుండానే మెల్లగా పిలిచింది: "చామంతీ, ఇలా రా బిడ్డా. నా ఎడమ పక్కన నిలబడు. నక్కని చూడకు, రెల్లు దుబ్బుల్ని చూడు."

 వెనక పెయ్య ఏమీ తెలియక చామంతి తోకని చప్పరిస్తోంది. పోతే ఇప్పుడే దాన్ని తీసుకుని పరుగెత్తాలి. ఎటు?

"పెద్దమ్మా, సామి వస్తాడా?"

"ముందు నువ్వు రా."

చామంతి వెళ్లింది. వెళ్లి కొమ్ములు దించిందో లేదో, రెల్లు దుబ్బులు నిలువునా చీలాయి. ఒక బూడిదరంగు మెరుపు వాగు మీదుగా లేచింది.

నక్క రెండు ముందుకాళ్లూ ఎత్తి కెవ్వున అరిచింది: "ఆగన్నా, ఆగు! ముసలిది లేస్తే దూకమన్నాను గానీ, నేను కూర్చుంటే దూకమన్లేదు!"

గురవన్న నోట్లోని నెమరు కింద పడిపోయింది.

అప్పటికే గాల్లో ఉన్న తోడేలు ఆగడం దాని తాత వల్ల కూడా కాదు. సరాసరి నక్క నెత్తిన పడింది. నక్కని తొక్కుకుంటూ లోపలికి దూసుకొచ్చింది. ఎదురుగా రెండు జతల కొమ్ములు. ఈరమ్మ దాని పక్కటెముకల కిందికి కొమ్ము పోనిచ్చి పైకెత్తింది. అది మెలితిరిగి చామంతి మీదికి కోరలు చాచింది. పెయ్య సన్నగా అరిచింది. ఆ అరుపు విన్నాక చామంతికి భయమనేది గుర్తు లేదు. ఒక్క కుమ్ము కుమ్మింది. తోడేలు వాగులో పడి, తేలి, మూడు కాళ్ల మీద కుంటుకుంటూ రెల్లులోకి పోయింది.

నక్క పారిపోబోతే తోక గురవన్న డెక్క కింద ఉంది.

"తొక్కెయ్యనా ఈరమ్మా?"

"అత్తా! అత్తా! నన్ను పుట్టించిందీ ఆయనే కదా!" నక్క ఏడుపు లంకించుకుంది.

"ఆయనే," అంది ఈరమ్మ. "అందుకే పొమ్మంటున్నాను. వదిలెయ్ అన్నా."

గురవన్నకి మనసొప్పలేదు గానీ డెక్క ఎత్తాడు. నక్క వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

మంద మళ్లీ సర్దుకునేసరికి కాసేపు పట్టింది. చామంతి పెయ్యని నాకుతూనే ఉంది. అది బతికే ఉందని నాలుకతో తడిమి తడిమి తెలుసుకుంటోంది.

"నీకెలా తెలిసింది పెద్దమ్మా?"

"వాడి ఒంటి నిండా ఆ తోడేలు వాసనే. నిరుడు నా బిడ్డ పడుకున్న చోట మిగిలిన వాసన. అది నేనెలా మరిచిపోతాను?"

 చామంతి మెల్లగా, "నక్క అబద్ధాలకోరే. కానీ వాడు అడిగిన ప్రశ్న అబద్ధం కాదుగా?" అంది.

"కాదు."

"మరి జవాబు?"

"నా దగ్గర లేదు. ఏడాదిగా నేనూ అదే అడుగుతున్నాను. ఇక్కడ పక్కనే పడుకుని, రోజూ గడ్డి వేసి మరీ అడుగుతున్నాను. ఆ దుష్టుడికి కోరలెందుకిచ్చావయ్యా అని. ఒక్క రోజూ చెప్పలేదు."

"చెప్పకపోయినా మంచివాడేనంటావా?"

ఈరమ్మ తన డొక్కకి తలవాల్చి నిద్రపోతున్న ఏడాది దూడ సింగడి వైపు చూసింది. "నా బిడ్డ పోయిన మూడోనాడు పొదుగు రాయిలా గట్టిపడింది. నొప్పితో కళ్లు తిరుగుతున్నాయి. అప్పుడు వీడొచ్చాడు. తల్లి పాము కాటుకి పోయింది. ఆకలితో వచ్చి మూతి పెట్టాడు. తన్నాను. మళ్లీ వచ్చాడు. మళ్లీ తన్నాను. నా బిడ్డ పాలు వీడికెందుకివ్వాలి, చెప్పు? మూడోసారి వచ్చాడు. కాలెత్తాను గానీ, ఎత్తిన కాలు మెల్లగా కింద పెట్టేశాను. నాకంత మంచితనం లేదమ్మా, నా సంగతి నాకు తెలుసు. ఆ కాలు దించినవాడెవడో, వాణ్ణే నేను సామి అంటాను. కీడు ఎక్కణ్ణుంచి వచ్చిందని అందరూ అడుగుతారు. అడగాల్సిందే. మరి ఇంత కీడులో మేలు ఎక్కణ్ణుంచి వచ్చిందని కూడా ఒకసారి అడగొద్దూ?"

"నిరుడు ఆయన రాలేదుగా పెద్దమ్మా?"

"నిరుడు ఆయన వస్తాడని మేమందరం అటు వీపు పెట్టి పడుకున్నాం," అంది ఈరమ్మ. అంతకుమించి ఆ రోజు గురించి ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు.

చామంతి లేచింది. వాగు గట్టు మీద లేతపోచలు ఏరి తెచ్చి ఖాళీ చోటులో వేసింది. ఈరమ్మకి అవతలి పక్కన, ఎవరూ పడుకోవడానికి ఇష్టపడని చోట, కొమ్ములు వాగు వైపు తిప్పి పడుకుంది. ఆ పక్కన పడుకున్న పెద్దమ్మని చూస్తే ఆవిడకి కొండని చూసినట్టుంది. ఎన్ని వానలు కొట్టినా కొండ 'ఎందుకు?' అని అరవదు. పచ్చగా అవుతుంది, అంతే.

అప్పుడే రెల్లు దుబ్బుల్లోంచి నక్క గావుకేక వినిపించింది. తాను పిలిచిన అన్న తనకోసం అక్కడే కాచుకుని ఉన్నాడని పాపం దానికి గుర్తులేదు. కేక తర్వాత, "తప్పయింది అన్నా, చెవి వదులు అన్నా!" అని చాలాసేపు వినిపించింది.

దేవుడి చోటు ఖాళీగా ఉంది కదా అని దూకేవాడికి, అక్కడ నిలబడ్డ తల్లి కొమ్ములే ముందుగా తగులుతాయి.