గంజి పట్టని బొమ్మలు

ఒకానొక రాజ్యంలో మూడేళ్ళుగా వానలు లేవు. ఆ సంగతి రాజుగారికి తప్ప అందరికీ తెలుసు. ఆయనకు ఎవరూ చెప్పలేదని కాదు, చెప్పినవాళ్ళు మళ్ళీ కొలువులో కనబడలేదు. ఆ రాజ్యం పేరు కుందనగిరి, రాజు పేరు ఉద్దండ భూపతి. కోట లోపల ఆయనకు పన్నెండు ధాన్యపు గాదెలున్నాయి. పన్నెండూ నిండుగా ఉన్నాయి, పన్నెండింటికీ తాళాలున్నాయి. యుద్ధం వస్తే సైన్యానికి పనికొస్తాయని దాచారట. ఆయన తాతగారి కాలం నుంచీ ఆ రాజ్యానికి యుద్ధం రాలేదు.

కోట గోడకు అవతల చిత్రకారుల వీధి ఉంది, ముప్పై నలభై ఇళ్ళు. గుడ్డ మీద బొమ్మలు గీయడం వాళ్ళ కులవృత్తి. గీయబోయే ముందు గుడ్డకు బియ్యపు గంజి, చింతగింజల అంబలి, సుద్ద కలిపి మూడు పూతలు పూస్తారు. అలా పూస్తేనే రంగు పట్టుకుంటుంది, లేకపోతే ఎండకు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. కరువులో బొమ్మలు కొనేవాళ్ళు ఎవరు? గుడ్డల కోసం దాచుకున్న చింతగింజలనే ఉడకబెట్టుకుని ఆ వీధివాళ్ళు రెండు నెలలుగా తాగుతున్నారు. ఇప్పుడు అవి కూడా అడుగంటాయి.

ఆ వీధిలో సింగన్న అని ఒక చిత్రకారుడు ఉండేవాడు. ఆస్థానంలో అతనికి ఒక మూల చోటుండేది. నోటి దురుసు వల్ల ఆ చోటు ఎన్నేళ్ళయినా ముందుకు జరగలేదు. ఒకసారి అయ్యలమంత్రి తన బొమ్మ గీయమంటే, పొట్టతో సహా ఉన్నదున్నట్టు గీశాడు. ఆనాటి నుంచి సింగన్న పేరు వింటే మంత్రిగారికి ఒళ్ళు మంట.

ఇలా ఉండగా పొరుగు రాజు దగ్గర్నుంచి కబురు వచ్చింది. తన కూతుర్ని ఉద్దండ భూపతి కొడుక్కి ఇవ్వాలని ఉందనీ, నలభై రోజుల్లో స్వయంగా వస్తాననీ, మీ దేశంలో కరువని విన్నాం, అది నిజమేనా అనీ ఆ కబురు సారాంశం. ఆ చివరి ముక్కకు రాజుగారికి పౌరుషం వచ్చింది. కొత్తగా కట్టించిన చిత్రమంటపం గోడల నిండా, కడుపు నిండిన తన ప్రజల బొమ్మలు ఉండాలన్నారు.

మంత్రిగారు సింగన్న కూర్చున్న మూల వైపు చూసి ముసిముసిగా నవ్వాడు. రోజుకొక బొమ్మ చొప్పున నలభై రోజులకు నలభై నిలువెత్తు బొమ్మలు గీయించమన్నాడు. ఒకసారి గీసిన మొహం మళ్ళీ రాకూడదు. ఒక్క రోజు తప్పినా, ఒక్క బొమ్మ చెడినా సింగన్న కుడిచేతి బొటనవేలు తీయించాలి. నిలువెత్తు బొమ్మకు ఎంత చేయి తిరిగినవాడికైనా పది రోజులు పడుతుందని సభలో అందరికీ తెలుసు.

రాజుగారు మీసం సవరించుకున్నారు. "ఉన్నదున్నట్టు గీయి, సింగన్నా. నా రాజ్యంలో ఎవడూ అబద్ధం గీయాల్సిన పని లేదు" అన్నారు.

సింగన్న ఆ మాట పట్టుకున్నాడు. "చిత్తం మహారాజా. కడుపు నిండిన మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని, చూసిన మొహమే గీస్తాను. చూడనిది గీయను. గుడ్డకు గంజి మాత్రం ఏలినవారి గాదె నుంచి ఇప్పించాలి" అన్నాడు.

ఎంత కావాలని మంత్రి అడిగితే రోజుకు మూడు కుంచాల బియ్యం అన్నాడు. నిజానికి అంత గుడ్డకు సోలెడు బియ్యం చాలు. కానీ అయ్యలమంత్రి పుట్టి బుద్ధెరిగాక గంజి కాచిన పొయ్యి దగ్గరకు పోలేదు. తెలియని సంగతి తెలియదని సభలో ఒప్పుకునే మనిషి అసలే కాదు. మూడు కుంచాలా, అంతేగా అన్నట్టు తలూపాడు. అంతగా పనికొచ్చిన తల ఊపుడు ఆ మంత్రి బతుకులో మరొకటి లేదు.

సింగన్న లెక్క వేరు. నలభై రోజులు గడిస్తే ఆరుద్ర కార్తె వస్తుంది. వాన పడితే పంట మాట ఎలా ఉన్నా, ఆకో అలమో మొలుస్తుంది. అందాకా వీధిలో మనుషుల్ని నిలబెడితే చాలు. బొటనవేలు మాట తర్వాత చూసుకోవచ్చు అనుకున్నాడు. ఆ వేలే అతని అన్నం, అది లేకపోతే కుంచె పట్టలేడు. అయినా అలాగే అనుకున్నాడు.

మర్నాటి నుంచి సింగన్న వాకిట్లో పెద్ద కాగు పొయ్యి మీదకెక్కింది. తెల్లవారేసరికి వీధి వీధంతా ముంతలు పట్టుకుని వచ్చేది. ఆ రోజు బొమ్మకు కూర్చోవలసిన మనిషిని సింగన్న ముందుగా ఎదుట నిలబెట్టి బొగ్గుతో గబగబా గీత గీసేవాడు. వాళ్ళ పనిలో ముందు గీత, తర్వాత రంగు. గీత అయ్యాక ఆ మనిషికి కడుపారా గంజి పోసేవాడు. గంజి తాగి, చెమట పట్టి, కళ్ళలోకి కాస్త వెలుగు వచ్చాక ఆ మొహం చూస్తూ రంగులు వేసేవాడు. గుడ్డకు మాత్రం నీళ్ళలో కలిపిన ఉత్త సుద్దే పూసేవాడు. పూతలు ఆరబెట్టే పని లేదు గనుక రోజుకొక బొమ్మ తెమిలేది. సాయంత్రానికల్లా దాన్ని మంటపానికి పంపేవాడు.

నాలుగో రోజు నాంచారమ్మ వంతు. ఉడుత తోక వెంట్రుకలతో ఆ వీధికంతా కుంచెలు కట్టిచ్చే ముసలావిడ ఆమె. సింగన్న చేతిలో ఉన్న కుంచె కూడా ఆమె కట్టినదే. రెండు ముంతల గంజి తాగి, చెంగుతో మూతి తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"కడుపు నిండితే నా మొగం ఎట్టుంటదో మర్చిపోయాను సింగా. నువ్వు గీస్తే చూసుకుంటాను" అంది.

గీశాక చాలాసేపు చూసుకుంది. బుగ్గలు కాస్త ఎక్కువ పెట్టావంది. లేదు పెద్దమ్మా, ఉన్నవే పెట్టానన్నాడు. అయితే ఇంకో ముంత పొయ్యి, రేపటికి కూడా ఉంటాయి అని ఆవిడ నవ్వింది. ఆ వీధిలో నవ్వు వినబడి ఎన్నాళ్ళయిందో.

ముప్పై రోజులు ఇలాగే నడిచాయి. ముప్పై ఒకటో బొమ్మ గోడకెక్కిన రోజే, చెప్పిన గడువుకు తొమ్మిది రోజుల ముందు, పొరుగు రాజు దిగాడు. సర్దుకునే వ్యవధి ఇవ్వకుండా, కరువు మాట నిజమో కాదో చూడాలని వచ్చాడు కాబోలు. ఉద్దండ భూపతి ఏమాత్రం తడబడలేదు. కొలువునంతా వెంటబెట్టుకుని నేరుగా చిత్రమంటపానికి తీసుకుపోయాడు. ఇవిగో నా ప్రజలు, చూడండి అన్నాడు.

మంటపం తలుపులు బార్లా తెరిచేసరికి ఎండగాలి లోపలికి కొట్టింది. అప్పటికే నెర్రెలు విచ్చి ఉన్న రంగులు పెచ్చులుగా రాలడం మొదలుపెట్టాయి. రంగు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడ ముందు రాలుతుంది. బుగ్గలు రాలాయి. పొట్టలు రాలాయి. భుజాల మీది కండ రాలింది. చూస్తుండగానే నేలంతా రంగుల పొడి అయింది. గోడల మీద, గుడ్డ నేతలోకి దిగిన బొగ్గు గీతలు మిగిలాయి. ఎముకలు తేలిన మొహాలు, గుంటలు పడ్డ కళ్ళు, చేతుల్లో ఖాళీ ముంతలు.

పొరుగు రాజు ఒక గుడ్డను వేళ్ళతో నలిపి చూసి, దీనికి గంజే పట్టలేదే అన్నాడు. అయ్యలమంత్రికి ఆ మాట పండగలా వినబడింది. రోజూ గాదె నుంచి మూడేసి కుంచాల బియ్యం పోయిందనీ, అదంతా ఈ దొంగ మింగాడనీ, బొటనవేలు కాదు, చెయ్యే తీయించాలనీ అందుకున్నాడు. భటులు సింగన్నను ముందుకు తోశారు. రాజుగారి మొహం కందగడ్డ అయింది. గంజి ఏమయిందని అడిగారు.

"రెండింటికీ చాలలేదు మహారాజా" అన్నాడు సింగన్న. "కడుపు నిండిన మనిషిని చూసి గీస్తానని మాటిచ్చాను. ఊరంతా వెతికాను, ఒక్కడు దొరకలేదు. అందుకని రోజుకొకణ్ణి తయారు చేసుకోవాల్సి వచ్చింది. గంజి గుడ్డకు పోస్తే గీయడానికి మనిషి లేడు. మనిషికి పోస్తే గుడ్డకు లేదు. ఏలినవారు అబద్ధం గీయొద్దన్నారు గనుక మనిషికే పోశాను."

అని ఊరుకుంటే అతను సింగన్న ఎందుకవుతాడు? గోడల వైపు చేయి చూపించి, "రాలిపోయిన రంగు నా పనితనం. కింద బయటపడింది ఏలినవారి రాజ్యం" అన్నాడు.

ముందుగా నవ్వింది పొరుగు రాజు. పొట్ట పట్టుకుని నవ్వాడు. అతిథి నవ్వుతుంటే తాను కోపగించుకుంటే పరువు పోతుందని ఉద్దండ భూపతి కూడా నవ్వాడు. రాజు నవ్వాక కొలువంతా నవ్వింది. అందరికన్నా గట్టిగా అయ్యలమంత్రి నవ్వాడు. ఆ గోడల మీది మొహాల మధ్య నిలబడి అంతమంది ఎలా నవ్వగలిగారో నాకు ఈనాటికీ అర్థం కాదు.

నీ వేలు నీకే ఇచ్చాను, ఇంకేం కావాలో కోరుకో అన్నారు రాజుగారు.

"మిగిలిన తొమ్మిది రోజుల గంజి ఇప్పించండి" అన్నాడు సింగన్న.

ఇది మరీ బాగుందని రాజుగారు ఈసారి మనసారా నవ్వారు. "చూడాల్సినవారు చూసేశారు. ఇంక బొమ్మలు లేవు, గంజి దేనికయ్యా" అని తన చేతి బంగారు కంకణం తీసి సింగన్న చేతికి తొడిగారు. సభ చప్పట్లు కొట్టింది. ఇద్దరు రాజులూ భోజనానికి లేచారు.

ఈ కథ చెప్పేవాళ్ళు చాలామంది ఇక్కడితో ఆపి, సింగన్న తెలివే తెలివని మెచ్చుకుంటారు. నాకు ఇక్కడ ఆపబుద్ధి కాదు.

మర్నాడు తెల్లవారి నాంచారమ్మ ముంత పట్టుకుని సింగన్న వాకిట్లోకి వచ్చింది. పొయ్యి చల్లగా ఉంది. "ఇయ్యాల లేదా సింగా" అని అడిగింది. లేదు పెద్దమ్మా అన్నాడు. "పోనీలే, అలవాటయి వచ్చాను" అని వెనక్కు తిరిగింది. సింగన్న ఆ కంకణం పట్టుకుని అంగడంతా తిరిగాడు. తీసుకుంటామన్నవాళ్ళున్నారు గానీ, బదులుగా పిడికెడు గింజలు ఇవ్వగలవాడు ఒక్కడు లేడు.

ఆరుద్ర వాన వేళకే పడింది. నాంచారమ్మ అంతకు మూడు రోజుల ముందు పోయింది.

వానలు పడ్డాక రాజుగారికి ఒక ముచ్చట పుట్టింది. తాను నవ్వుతూ కంకణం తొడిగిన ఘట్టాన్ని బొమ్మ గీయించాలన్నారు. ఈసారి మంత్రిగారు పొయ్యి దగ్గర నిలబడి, సోలెడు బియ్యం కొలిపించి, గంజి కాయించి, మూడు పూతలూ దగ్గరుండి పూయించాడు. సింగన్న చూసినదే గీశాడు. నవ్వుతున్న రాజును గీశాడు, నవ్వుతున్న మంత్రిని గీశాడు. మంటపం తలుపు దగ్గర, ఖాళీ ముంతతో వెనక్కు తిరగబోతున్న నాంచారమ్మను గీశాడు. రాజుగారు తన మీసం చాలాసేపు చూసుకుని, బాగుందని గోడకు పెట్టించారు. మిగతా గుడ్డ వైపు చూడలేదు.

గంజి బాగా పట్టింది గనుక ఆ బొమ్మ రాలలేదు. రాజు పోయాడు, మంత్రి పోయాడు, గాదెలు కూలాయి. ఇప్పటికీ దాన్ని చూడబోయినవాళ్ళు ముందు ఆ ముసలావిడ ముంత దగ్గరే ఆగిపోతారట. ఆ తర్వాత, పక్కన నవ్వుతున్న ఈ మనిషెవరని అడుగుతారట.