మార్తమ్మ కూర్చున్న బల్ల

ఊఁ కొట్టేవాళ్ళుంటేనే చెబుతాను. ఏడు సముద్రాల అవతల, అమెరికా దేశాన, రైలు కొత్తగా కూత నేర్చిన రోజుల్లో, ఎనోస్ అని ఒకాయన ఉండేవాడు. తల్లీ తండ్రీ లేనివాడు. బ్యాంకులో చీపురు పట్టి, చివరికి ఆ బ్యాంకుకే యజమాని అయ్యాడు. అయినా చిరుగుల కోటు మార్చలేదు. ఊరికి బడి కట్టించాడు, ఆసుపత్రి కట్టించాడు, చర్చి కట్టించాడు.

కట్టించింది ఆయన, పెత్తనం చర్చి పెద్దలది! వాళ్ళేం చేశారో తెలుసా? చర్చిలో కూర్చునే బల్లలన్నీ ఉన్నవాళ్ళకి అమ్ముకున్నారు. ఒక్కో బల్ల చుట్టూ చెక్క అడ్డు, దానికో తలుపు, తలుపుకి గడియ. మనం బస్సులో తువ్వాలేసి సీటు ఆపుతామే, అలాగన్నమాట. కాకపోతే జన్మంతా! లేనివాళ్ళు వెనక నిలబడాలి. దేవుడి ఇంట్లో ఇదేం పోయేకాలమండీ?

ఆ ఊళ్ళో బట్టలుతికే మార్తమ్మ ఉండేది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు మిల్లులో మరలో పడి చనిపోయాడు. శవపెట్టె తెచ్చి చర్చిలో ముందు పెట్టారు. తల్లిని మాత్రం వెనక నిలబెట్టారు! బిడ్డ పక్కన కూర్చుందామని ముందుకి నడిచింది.

ఒక బల్ల దగ్గర ఆగింది. "ఇది మిల్లు దొరది. పో అవతలికి!" అన్నాడు చర్చి పెద్ద.

ఇంకో బల్ల దగ్గర ఆగింది. "ఇది జడ్జిగారిది. పో అవతలికి!"

అన్నిటికంటే ముందు బల్ల ఖాళీగా ఉంది. "ఇందులో ఎవరూ లేరు కదయ్యా. నా బిడ్డ పక్కన కాసేపు కూర్చుంటాను" అంది.

"ఖాళీ అయితే నీదైపోతుందా? ఇది ఎనోస్ దొరగారిది. పో అవతలికి!"

వీళ్ళు అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా?

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన ఎనోస్ ఆ మాట విన్నాడు. మొహం కందగడ్డ అయిపోయింది. "నా పేరు చెప్పి ఒక తల్లిని నిలబెడతావా?" అన్నాడు. గుమ్మం పక్కనున్న కట్టెలు కొట్టే గొడ్డలి అందుకున్నాడు. తన బల్ల తలుపు నరికాడు. జడ్జి బల్ల తలుపు నరికాడు. మిల్లు దొర బల్ల తలుపు నరికాడు.

"కూర్చో అమ్మా" అన్నాడు.

మార్తమ్మ కూర్చుంది. పెట్టె మీద చెయ్యేసి, అప్పుడు ఏడ్చింది. ఆ తలుపులు మళ్ళీ ఎవడూ బిగించలేదు. బిగించమనండి చూద్దాం!

కొన్నేళ్ళకి ఎనోస్ పోయాడు. ఆయన శవపెట్టెనీ ఆ చర్చికే తెచ్చారు. ముందు బల్ల కోసం ఆ పెద్దలే తోసుకుంటూ వచ్చారు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. జనం అడ్డం నిలబడ్డారు. "తల్లి రావాలి" అన్నారు. ఎనోస్‌కి తల్లి ఎక్కడుంది? కర్ర ఊనుకుంటూ మార్తమ్మ వచ్చింది. ఆవిడ కూర్చునేదాకా ఊరంతా నిలబడే ఉంది, జడ్జితో సహా.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరు పోయినా, ఎంత గొప్పవాడు వచ్చినా సరే, తల్లి కూర్చునేదాకా ఎవరూ కూర్చోరు.