ఒక్క మొక్క మీద కానుగ నూనె

పెద్దవాగు దాటితే కానుగలకోన అనే అడవి ఉంది. అక్కడ కుందేళ్లు, అడవిపందులు, ముళ్లపందులు, దుప్పులు ఎవరి మడి వాళ్లు సాగు చేసుకుంటూ బతికేవి. ఒకరి పైరు జోలికి ఇంకొకరు పోయేవారు కాదు.

ఆ కోనలో చెవులమ్మ అనే కుందేలు తన ముగ్గురు పిల్లల కోసం అలసంద వేసింది. మొత్తం నలభై మొక్కలు. ఇంట్లో ఉన్న విత్తనమంతా ఆ మడిలోనే పెట్టింది. కాయ చేతికొస్తే చలికాలం గడుస్తుంది, వచ్చే ఏడాదికి విత్తనం మిగులుతుంది. రాకపోతే రెండూ లేవు. అందుకే రోజూ పొద్దున్నే ఒక్కో ఆకూ తిప్పి చూసుకునేది.

ఒకరోజు ఆకుల అడుగున ఆవగింజ కన్నా చిన్న పురుగులు నల్లగా కనిపించాయి. పేనుబంక. మర్నాటికి లేత కొనలన్నీ నల్లబడ్డాయి. ఆకులు జిగటగా ముడుచుకుపోయాయి. పక్కమడిలో కోరయ్య అనే అడవిపంది వేసిన అలసందకూ అదే పీడ పట్టింది.

ఇద్దరూ ముళ్లపంది అవ్వ దగ్గరికి పరుగెత్తారు. అవ్వ చెరో దొప్పెడు కానుగ నూనె ఇచ్చింది. కుండెడు నీళ్లకు ఒక్క నత్తగుల్లెడు నూనె చాలంది. దాన్ని ముందు కుంకుడు నురగలో బాగా చిలకమంది. ఎండ తగ్గాక ఆకుల అడుగున చల్లమంది.

"ముందు ఒక్క మొక్కకే చల్లండి. రెండు రోజులు చూసి, ఆకు బాగుంటేనే మిగతా వాటికి" అని మరీ మరీ చెప్పింది.

దారిలో కోరయ్య నవ్వాడు. "నూనె, కుంకుడురసం. పురుగులకు తలంటు పోసి పండక్కి పంపుతావా చెవులమ్మా? రెండు రోజులాగితే మొక్క మిగులుతుందా?"

చెవులమ్మ భయమూ అదే.

కోరయ్య మిట్టమధ్యాహ్నం దొప్పెడు నూనెనూ కాసిన్ని నీళ్లలో పోసి మడంతా కుమ్మరించాడు. సాయంత్రానికి పురుగులన్నీ రాలిపోయాయి. ఆకులు నిగనిగలాడాయి. దుప్పులు గుంపుగా వచ్చి చూసి మెచ్చుకున్నాయి.

ఆ సాయంత్రమే చెవులమ్మ గట్టు పక్కనున్న ఒక్క మొక్కకు మందు చల్లింది.

"అమ్మా, కోరయ్య మామ మడిలో ఒక్క పురుగూ లేదు. మనమెందుకు ఆగాలి?" అంది పెద్దపిల్ల.

చెవులమ్మ నూనె దొప్ప చేతిలోకి తీసుకుంది. మడికేసి చూసింది. మళ్లీ కింద పెట్టేసింది. "ఆగుదాం" అంది.

తెల్లారి చూస్తే ఆ మొక్క ఆకులు అంచుల వెంట మాడి ఉన్నాయి. చెవులమ్మ కుండలో మిగిలిన నీళ్లు చూసింది. పైన నూనె తెట్టెలా తేలుతోంది. కంగారులో కుంకుడు నురగ సరిపడా తీయలేదు. నూనె నీళ్లలో కలవలేదు. పచ్చి నూనె పడ్డచోటల్లా ఆకు కాలింది. ఇదే నలభై మొక్కలకూ చల్లి ఉంటే?

మళ్లీ కుంకుళ్లు కొట్టింది. నీళ్లు పాలలా తెల్లబడి, పైన ఒక్క నూనె చుక్కా తేలనంత వరకూ చిలికింది. సాయంత్రం రెండో మొక్కకు చల్లింది. మళ్లీ రెండు రోజులు ఆగాలి. ఈలోగా తల్లీపిల్లలు కొనలు పట్టుకుని పురుగుల్ని చేత్తో దులిపారు. అయినా నాలుగు మొక్కలు వాడిపోయాయి. ఆమెకు తిండి సయించలేదు.

ఆ రెండు రోజుల్లోనే కోరయ్య మడిలో ఆకులు ఎర్రబడి, పెళుసెక్కి రాలిపోయాయి. చివరికి కాడలే మిగిలాయి.

మూడో రోజు చెవులమ్మ తన రెండో మొక్క ఆకు తిప్పింది. ఆకు పచ్చగా ఉంది. అడుగున పురుగులు ఎండి అంటుకుపోయి ఉన్నాయి. ఎండ దిగగానే గడ్డి కుంచెతో మిగతా మొక్కల ఆకు ఆకూ మందుతో తడిపింది. అక్షింతల పురుగులు పేనుబంకను తింటున్న మొక్కల జోలికి మాత్రం పోలేదు. వారానికి మరోసారి చల్లింది.

ముప్పై అయిదు మొక్కలు కాపుకొచ్చాయి.

కోరయ్య గట్టు మీద నిలబడి తలదించుకున్నాడు. "మాడిపోతుందని నీకెలా తెలుసు చెల్లీ?"

"నాకూ తెలియదన్నా. నాదీ మాడింది. కాకపోతే ఒక్కటే" అంది చెవులమ్మ. ఎండిన కాయలు ఒలిచి అతనికి దోసెడు విత్తనాలు ఇచ్చింది.

నీతి: మంచి మందైనా కొలత తప్పితే చెరుపే చేస్తుంది, తెలియని పనిని ముందు కొంచెంలో చేసి చూసుకున్నవారి నష్టం కొంచెంతోనే ఆగుతుంది.