ఒక కొమ్ము ఎక్కువైంది

ఓబులేసుకు అన్నం సయించడం లేదు.

కడప జిల్లాలో ఒక కొండవార ఆశ్రమం. అక్కడి గురువు ఖాసిం తాత తత్వాలు కట్టి పాడేవాడు. వాటిని పుస్తకంగా అచ్చు వేయించినవాడు శిష్యుడు ఓబులేసు. ప్రూఫులు తానే దిద్దాడు. పుస్తకం రాగానే ఇంటర్నెట్‌లో కూడా పెట్టాడు. "ఒక్క అచ్చుతప్పు చూపించండి చూద్దాం!" అని వచ్చినవాళ్లందరితో అనేవాడు.

చివరికి తప్పు తన కంటికే కనబడింది.

"తలపు తీసి చూడరా, దొర లోపలున్నాడురా" అన్నది తాత పాట. పుస్తకంలో "తలుపు తీసి చూడరా" అని పడింది. ఒక కొమ్ము ఎక్కువైంది. మనసులోని తలపులు తీసేయమని గురువు చెబితే, వాకిలి తలుపు తీయమన్నట్టయింది.

ఇంటర్నెట్‌లో క్షణంలో సరిచేశాడు. పుస్తకాలకు మాత్రం సరైన మాట చీటీల మీద రాసి, మైదా జిగురుతో అంటిస్తూ కూచున్నాడు.

ఒక మధ్యాహ్నం బయట తాళాలు మోగాయి. ఎవరో చాలామంది, మూసి ఉన్న వాకిలి ముందు గొంతెత్తి పాడుతున్నారు.

"తలుపు తీసి చూడరా..."

ఓబులేసు ముఖం మాడిపోయింది. "తాతా, నా తప్పు మన గడప దాకా వచ్చింది. ఇప్పుడే పోయి సరిదిద్దొస్తా."

"నువ్వు కూచోరా" అని తాత లేచాడు. పోయి రెండు రెక్కలూ బార్లా తీశాడు. "రాండి, రాండి!"

అది టెక్కలి నుంచి రైలెక్కి వచ్చిన భజన బృందం. ముందున్న ముసలామె తాతకు దండం పెట్టింది.

"మా మనవరాలు ఎప్పుడో ఇంటర్నెట్‌ల చూసి, జిరాక్సు షాపుల ఈ పాట కాగితం తీయించి ఇచ్చినాది బాబూ. పాడగా పాడగా ఒకనాడు ఉండలేకపోనాను. పోయి మా చెల్లి తలుపు కొట్టీసినాను. పొలం తగువుల మాటల్లేక ఎన్నేళ్లయిపోనాదో! తీసినాది బాబూ. ఇదిగో, ఎంట తెచ్చినాను."

వెనక ఉన్న చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తాత కూడా పకపకా నవ్వాడు. శిష్యుడి వైపు తిరిగాడు.

"ఏమిరా ఓబులేసూ, దొర కనపడినాడా?"

ఓబులేసు ఆ అక్కచెల్లెళ్లను చూశాడు. తరువాత వేళ్లకున్న జిగురు పంచెకు తుడుచుకుని, తాళాలు అందుకుని వాళ్ల మధ్యకు పోయాడు.

తలపు అన్నాడో, తలుపు అన్నాడో, ఆ హోరులో ఎవరికీ వినబడలేదు.