మీరాబీకి ఆపిన అరువు

పెనుమూడి గురువుగారికి వాదన గిట్టదు. ఎవరైనా ఏదైనా అడిగితే ఎదురుగా ఉన్న కృష్ణానది వైపు చూసేవారు. ఆ తర్వాత తనకు తెలిసిన ఏ మనిషి సంగతో చెప్పేవారు. శాస్త్రంలోంచి ఒక్క ముక్క కూడా తెచ్చేవారు కాదు. "శాస్త్రం చెప్పడానికి చాలామంది ఉన్నారు. వీళ్ళ సంగతి చెప్పడానికే ఎవరూ లేరు" అనేవారు. ఆదివారం సాయంత్రాలు ఆయన అరుగు మీద చేరే కొద్దిమందిలో నేనూ ఒకణ్ణి.

దివాకర్ మాలో అందరికంటే చిన్నవాడు. హైదరాబాదులో ఒక బ్యాంకు క్రెడిట్ కార్డుల విభాగంలో ఉద్యోగం చేసేవాడు. సెలవు దొరికితే బస్సెక్కి వచ్చేసేవాడు. ఆ వేళ వచ్చి, గురువుగారికి దండం పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అప్పుడు అడిగాడు.

"రోజులు బాగాలేవని మా పైవాళ్ళకి భయం పట్టుకుందండి. కార్డుల లిమిట్లు తగ్గించమన్నారు, కొన్ని రద్దు చేయమన్నారు. ఎగ్గొట్టేవాళ్ళవి కాదు, గడువు తప్పకుండా కట్టేవాళ్ళవే. వాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. తిట్టేవాళ్ళతో నాకేం ఇబ్బంది లేదు. కొంతమంది మాత్రం సిగ్గుపడుతున్నట్టు మెల్లగా, 'నా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా బాబూ?' అంటున్నారు. ఆ గొంతులు నన్ను వదలడం లేదు. మేమెవరి సొమ్మూ లాక్కోలేదు గురువుగారూ. ఇస్తామన్న అప్పు ఇక ఇవ్వలేమన్నాం, అంతే. దానికి మనిషి అంతగా కుంగిపోవడం ఎందుకు?"

గురువుగారు నది వైపు చూశారు. అవతలి ఒడ్డున పడవలు కట్టేస్తున్నారు. "రేపల్లెలో భావనారాయణ అని ఒకాయన ఉన్నాడు" అని మొదలుపెట్టారు. ఆయన చెప్పింది ఇది.

భావనారాయణది రేపల్లె బజారులో మ్యాచింగ్ సెంటర్. చీరకు తగిన జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్సు, దారం, లేసు, హుక్కులు, ఇవే సరుకు. చిన్నప్పుడు వేరే కొట్లో గుమాస్తాగా చేశాడు. సొంత కొట్టు పెట్టుకున్న కొత్తలో విజయవాడ హోల్‌సేల్ వ్యాపారులు ఆయన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడేవారు. నగదు చూపిస్తేగానీ గుడ్డ తానుల కట్టలు విప్పేవారు కాదు. అలాంటి మనిషికి బ్యాంకువాళ్ళు పిలిచి క్రెడిట్ కార్డు ఇచ్చారు. ఆ కార్డుతో సరుకు తెచ్చేవాడు, గడువు రాకముందే కట్టేసేవాడు. అలా ఏళ్ళు గడిచాయి. బ్యాంకు వాళ్ళంతట వాళ్ళే లిమిట్ పెంచుతూ పోయారు. పెంచినప్పుడల్లా భావనారాయణ ఇంటికి మిఠాయి తెచ్చేవాడు. ఆయన భార్య హైమావతి నవ్వేది. "అప్పు పెరిగితే పండగ చేసుకునేవాళ్ళని మిమ్మల్నే చూశాను." "అప్పు కాదే, నమ్మకం" అనేవాడాయన.

ఆయన కూడా అలాగే కొందరికి అరువిచ్చేవాడు. ఊళ్ళో ఇళ్ళ దగ్గర మిషన్ కుట్టుకునే ఆడవాళ్ళు సరుకు ముందు తీసుకెళ్ళి, కుట్టుకూలి చేతికొచ్చాక ఇచ్చేవారు. వాళ్ళలో మీరాబీ ఒకతె. భర్త నడుము దెబ్బతిని మంచాన ఉన్నాడు. ఇల్లు ఆమె మిషను మీదే నడిచేది. ఆమె బాకీ భావనారాయణ ఎప్పుడూ రాసుకోలేదు. రాసుకోవాల్సిన అవసరం రానివ్వలేదామె. కూలి అందిన రోజే కొట్టుకు వచ్చి, "అన్నయ్యా, ఇదిగో" అని బల్ల మీద పెట్టేది. గుమ్మంలో వెలుతురుకు నిలబడి దారం రంగులు సరిపోల్చుకునేది. వెనక ఇంట్లోంచి హైమావతి కాఫీ తెచ్చిచ్చేది. ఇద్దరూ కాసేపు ఇంటి సంగతులు చెప్పుకునేవారు.

ఆ ఏడాది పెళ్ళిళ్ళ కాలం మొదలవుతుండగా భావనారాయణ విజయవాడ వెళ్ళాడు. సరుకు ఏరుకున్నాడు, కట్టలు కట్టించాడు, రిక్షాకు కూడా చెప్పాడు. కార్డు గీస్తే పనిచేయలేదు. మళ్ళీ గీశారు. అప్పుడు ఫోను తీసి చూసుకుంటే, ఉదయం ఎప్పుడో బ్యాంకునుంచి మెసేజి వచ్చి ఉంది. లిమిట్ తగ్గించాము అని. మిగిల్చింది ఒక కట్ట దారానికి కూడా చాలదు. హోల్‌సేల్ వ్యాపారి మంచివాడే, గట్టిగా ఏమీ అనలేదు. "ఫర్వాలేదులెండి, చేతిలో ఉన్నంతకు తీసుకెళ్ళండి" అన్నాడు. అని, కుర్రాళ్ళకు కళ్ళతో సైగ చేశాడు. వాళ్ళు కట్టలు విప్పి తానులు ఒక్కొక్కటే మళ్ళీ అరల్లో పెడుతుంటే భావనారాయణ అక్కడే నిలబడి చూశాడు. ఏళ్ళ తరబడి ఆయనకు వేసిన కుర్చీ ఖాళీగానే ఉంది. ఎవరూ కూర్చోవద్దనలేదు. ఆయనే కూర్చోలేకపోయాడు.

మర్నాడు బ్యాంకుకు వెళ్ళాడు. కౌంటర్లో ఉన్న అమ్మాయి కంప్యూటర్లో చూసి, "మీ రికార్డు చాలా బావుందండీ" అంది.

"బావుంటే ఎందుకు తగ్గించారమ్మా?"

"సిస్టమ్ తీసుకున్న నిర్ణయమండీ. మీ మీద ఏమీ లేదు. అది మా చేతిలో లేదు."

ఎగ్గొట్టావని అనుంటే పోట్లాడేవాడు. తప్పేమీ లేదంటే దణ్ణం పెట్టి బయటికొచ్చేశాడు. ఇంటికొచ్చి హైమావతికి కూడా చెప్పలేదు. గుమాస్తాగా ఉన్ననాటి నుంచీ తాను చేసినవన్నీ తవ్వుకుంటూ కూర్చున్నాడు. ఎక్కడ పొరపాటు జరిగిందో దొరకలేదు. తప్పు దొరికితే మనిషి దిద్దుకుంటాడు. దొరకని తప్పును ఏం చేస్తాడు? ఎదురుగా వచ్చే ప్రతివాడికీ అది కనబడుతోందని, తనకొక్కడికే కనబడటం లేదని అనిపించేదట ఆయనకు.

తెచ్చుకోగలిగిన సరుకు కొంచెమే. అందరికీ అరువివ్వడం ఇక కుదరదు. ఎవరికి ఆపాలి? పాత బాకీలు పేరుకున్నవాళ్ళకు ఆపితే వాళ్ళు పక్క కొట్టుకు పోతారు, పాతది మునుగుతుంది. వాళ్ళకు ఇస్తూనే ఉండాలి. గట్టిగా అరిచేవాళ్ళకు ఆపితే బజార్లో పరువు పోతుంది. అలా ఒక్కొక్కరినీ పక్కన పెట్టుకుంటూ వస్తే చివరికి మీరాబీ మిగిలింది. ఆమె నుంచి రావాల్సింది పైసా లేదు. ఆమె అరవదు. ఆమెకు ఆపితే తనకు పోయేదేమీ లేదు.

ఆ వారమే మీరాబీ కొట్టుకు వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఎప్పుడూ గుంటూరులో కుట్టించుకునే ఒక పెద్దింటివాళ్ళు పెళ్ళి చీరలు ఇంటికి పంపి జాకెట్లన్నీ ఈసారి ఆమెకు ఇచ్చారు. అంత పని ఆమె చేతికి రావడం అదే మొదలు. "ఈ పని చక్కగా చేసిచ్చాననుకో అన్నయ్యా, మా ఆయన్ని మంచి డాక్టరుకు చూపిస్తా" అంటూ చీరల ముక్కలు పక్కన పెట్టుకుని లైనింగులు, లేసులు ఏరడం మొదలుపెట్టింది. ఆమె ఏరడం పూర్తయ్యేదాకా భావనారాయణ ఆమెను ఆపలేకపోయాడు.

"ఈసారికి నగదు తెచ్చుకోవాలమ్మా" అన్నాడు ఆఖరికి, బల్ల మీదికి చూస్తూ.

మీరాబీ వేళాకోళమనుకుని నవ్వింది. ఆయన తల ఎత్తకపోయేసరికి నవ్వు ఆపింది. అదే సమయంలో బల్ల అవతలి చివర ఇంకొకామెకు గుమాస్తా ఫాల్సు కొలిచి ఇస్తున్నాడు. ఆ ఇల్లాలు నిరుటి బాకీ కూడా తీర్చలేదని బజారంతటికీ తెలుసు. ఆమె సరుకు సంచిలో వేసుకుని, "పద్దులో వేసుకోండి" అని వెళ్ళిపోయింది. మీరాబీ అటు చూసింది, ఇటు చూసింది.

"అన్నయ్యా, నా వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందా?"

"నీ మీద ఏమీ లేదమ్మా" అన్నాడు భావనారాయణ. "అది నా చేతిలో లేదు."

ఆ మాట తన నోట్లోంచి వస్తుండగానే ఆయన గుర్తుపట్టాడు. కానీ వెనక్కి తీసుకోలేదు. తీసుకుంటే అసలు సంగతి చెప్పాలి. బ్యాంకు తనను నమ్మడం మానేసిందని ఆ బజార్లో నోరు తెరిచి చెప్పాలి. అది ఆయన వల్ల కాలేదు. మీరాబీ ఏరుకున్న గుడ్డలన్నీ మడతపెట్టింది. ఏ అరలోవి ఆ అరలోనే పెట్టింది. లోపలినుంచి హైమావతి కాఫీతో వచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

తర్వాత జరిగింది త్వరగా జరిగింది. మీరాబీ పక్క కొట్టుకు వెళ్ళి అడిగింది. ఆ కొట్టాయన, "భావనారాయణ దగ్గర తీసుకుంటావుగా, ఏమైంది?" అన్నాడు. ఆపేశాడని ఆమె ఉన్నమాట చెప్పింది. "భావనారాయణ ఊరికే ఆపే మనిషి కాడే" అని ఆయనా తల అడ్డంగా ఊపాడు. ఆ మాట అక్కడితో ఆగలేదు. మీరాబీ ఏదో చేసిందట, అందుకే ఆపాడట, అని నలుగురూ అనుకున్నారు. ఏం చేసిందో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి పెద్దదే అయివుంటుందనుకున్నారు. పెళ్ళివారింటికి ఆ మాట చేరిన సాయంత్రమే వాళ్ళ మనిషి వచ్చి, చీరలన్నీ లెక్కచూసుకుని కారులో వేసుకుని వెళ్ళాడు. మిషను ముందు కూర్చున్న మీరాబీ లేవలేదట. ఆ పెద్దింటి పని పోయిందని కాదు, తన కళ్ళెదుటే చీరలు లెక్క చూసుకున్నారని పక్కింటావిడతో చెప్పి ఏడ్చిందట.

పెళ్ళిళ్ళ కాలం అయిపోయాక బ్యాంకునుంచి భావనారాయణకు ఇంకో మెసేజి వచ్చింది. మీవంటి విలువైన ఖాతాదారుకు లిమిట్ తిరిగి పెంచినందుకు సంతోషిస్తున్నామని. ఆయన ఆ ఫోను హైమావతి చేతిలో పెట్టి, జరిగిందంతా అప్పుడు చెప్పాడు. ఆవిడ అంతా విని, "వాళ్ళు మీకేం చెప్పారో అదే మీరామెకు చెప్పారా?" అంది. ఆ పూట ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

భావనారాయణ మీరాబీ ఇంటికి వెళ్ళాడు. ఆమె కుర్చీ తుడిచి వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. మంచం మీదున్న భర్త లేవలేక అక్కడినుంచే నమస్కారం పెట్టాడు. భావనారాయణ దాచకుండా చెప్పాడు. విజయవాడ కొట్టు, కౌంటర్లో అమ్మాయి, తన సిగ్గు, అన్నీ. "తప్పు నాదమ్మా. ఎప్పట్లాగే వచ్చి కావలసింది తీసుకెళ్ళు" అన్నాడు.

"అలాగేనండీ" అంది మీరాబీ.

అన్నమాట ప్రకారం ఆ వారంలోనే వచ్చింది. ముందు డబ్బు బల్ల మీద పెట్టింది. ఆ తర్వాతే కావలసింది అడిగింది. భావనారాయణ డబ్బు వెనక్కి జరిపితే, "ఉంచండి, చిల్లర ఉంటే ఇవ్వండి" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బావుండునని ఆయన అనుకున్నాడట. హైమావతి కాఫీ తెస్తే, పొయ్యి మీద కూర పెట్టి వచ్చానని నిలబడే చెప్పి వెళ్ళిపోయింది. దారం రంగు సరిపోల్చుకోవడానికి గుమ్మంలోకి కూడా వెళ్ళలేదు. గుమాస్తా ఇచ్చిన రీలే తీసుకుంది.

గురువుగారు ఆగారు. రేవులో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. దివాకర్ తల వంచుకుని ఉన్నాడు.

"ఇప్పటికీ వస్తోందా అండీ ఆవిడ?" అన్నాడు.

"వస్తోంది. మంచి సరుకు దొరికేది ఆయన దగ్గరే కదా. మొన్న భావనారాయణే ఇక్కడికి వచ్చి ఇదంతా చెప్పి వెళ్ళాడు. నువ్వు కూర్చున్నచోటే కూర్చున్నాడు."

దివాకర్ కొంచెం పక్కకు జరిగాడు. తనకు తెలియకుండానే జరిగాడనుకుంటాను. "ఆయన మాత్రం ఏం చేస్తాడు గురువుగారూ! ఆయన్ని ఆ ఇరుకులో పెట్టింది మావంటివాళ్ళమే కదా" అన్నాడు.

గురువుగారు అతని వైపు దయగా చూశారు.

"ఆ మాట భావనారాయణ ఒక్కసారి కూడా అనలేదు నాయనా. అని ఉంటే, ఆయన్ని ఓదార్చడం నాకు తేలికయ్యేది."