రూబీ లెక్కలో కోడిపిల్లలు

కొండేటి వారింట్లో తెలివి ఎంత పుష్కలమంటే, అది బయటికి కారిపోకుండా అందరూ చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవారు. ఆ ఉపాయం ఇంటి పెద్ద గవర్రాజుది. "మన బుర్రలు ఊరికే వచ్చినవి కావురా" అని పొద్దున్నే తమ్ముడు అబ్బులుతో అనేవాడు. అబ్బులు దూది తియ్యడం మరిచిపోయి "ఆఁ?" అనేవాడు.

అలాంటి ఇంటికి గవర్రాజు అత్తగారు చిట్టెమ్మ గంపెడు కోడిగుడ్లు పంపింది. తెగులొచ్చి ఆవిడ కోళ్ళన్నీ పోయాయి, మిగిలినవి ఆ గుడ్లే. "నా కోళ్ళ వంశం నీ చేతిలో పెట్టాను అల్లుడూ" అంది ఫోన్లో, ముక్కు చీదుతూ. గవర్రాజుకీ కళ్ళు చెమర్చాయి. ఆ గుడ్లు పిల్లలు కాకపోతే ఆవిడకి మొహం ఎలా చూపించాలని బెంగ పట్టుకుంది.

మేనల్లుడు శ్రీహర్ష రాజమండ్రి నుంచి వచ్చి గుడ్లు పొదిగే పెట్టె బిగించాడు. దానికో చిన్న కంప్యూటర్ తగిలించి, రూబీ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాం రాసిచ్చాడు. "పెట్టెలో రెండు సంగతులున్నాయి మావయ్యా. వేడి ఒకటి, పిల్లల లెక్క ఒకటి. వాటి పేర్ల ముందు @ గుర్తుంది చూడు, అంటే అవి పెట్టె సొంతం. బయటనుంచి అడిగితే చెప్పదు. వేడి సంగతి హీటరే చూసుకుంటుంది, మీరు ముట్టుకోకండి. పిల్లలు పుట్టాక లెక్క మాత్రం మనమే రాయాలి, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి" అని చెప్పి వెళ్ళాడు.

అతను బస్సెక్కాడో లేదో, గవర్రాజు 'పెట్టె.వేడి' అని కొట్టాడు. 'వేడి అనే మెథడ్ లేదు' అంది రూబీ. ఇంకేముంది, మెథడంటే ఏమిటో తెలీక, వేడి లేదుట అని ఇల్లంతా గొల్లుమంది. భార్య మంగతాయారు దుప్పట్లు తెచ్చి పెట్టెకి కప్పింది. అబ్బులు స్వెట్టర్ తొడుగుదామని పెట్టెకి చేతులెక్కడున్నాయో వెతికాడు.

ఫోన్ చేస్తే శ్రీహర్ష నిట్టూర్చాడు. "వేడి ఉంది మావయ్యా. అది లోపలుంది, నువ్వు బయటున్నావు. అడిగినప్పుడు చెప్పాలంటే పెట్టెకి రీడర్ రాయాలి. వేడికీ పిల్లలకీ రెండింటికీ రాయిస్తాను, నేను చెప్పినట్టు కొట్టు."

కొట్టాడు. మళ్ళీ అడిగితే రూబీ బుద్ధిగా ముప్పై ఏడున్నర అంది. గవర్రాజు మొహం వెలిగి, అంతలోనే ఆరిపోయింది. ముప్పై ఏడు దాటితే జ్వరమని డాక్టరు చెప్పిన మాట అతను మరిచిపోలేదు.

"గుడ్లకి జ్వరమే" అన్నాడు. అంతే, మంగతాయారు మిరియాల కషాయం కాచింది. పెట్టెకి నోరు కనపడక అబ్బులు తాగేశాడు.

గవర్రాజు మళ్ళీ ఫోనెత్తి, బయటనుంచి మార్చే దారి చెప్పమని ప్రాణం తీశాడు. "దానికి రైటర్ రాయాలి. కానీ నువ్వు మార్చేది తెరమీద అంకెనే, హీటర్‌ని కాదు" అంటూనే శ్రీహర్ష విసుగెత్తి రెండింటికీ అదీ రాయించాడు. గవర్రాజు అంకెని ముప్పై ఆరు చేసి, జ్వరం దిగిందని పడుకున్నాడు. పాపం చలేస్తుందేమోనని మంగతాయారు యాభై చేసింది. కాఫీ చల్లారిందని అబ్బులు తొంభై చేసి, గ్లాసు కంప్యూటర్‌కి ఆనించి కూర్చున్నాడు. హీటర్ మాత్రం వీళ్ళ గోల పట్టించుకోకుండా గుడ్లని కాచుకుంటూ పోయింది.

ఒకరోజు పెట్టెలో కిచకిచలు. తలుపు తీస్తే పసుపువీ నల్లవీ పిల్లలు బిలబిలమంటూ కాళ్ళ మీదికొచ్చాయి. గవర్రాజు తొందరపడే మనిషా? వెళ్ళి 'పెట్టె.పిల్లలు' అని అడిగాడు. సున్నా అంది రూబీ.

"పెట్టెకి తెలియకుండా దానికి పిల్లలేమిటి? ఇవి పక్కింటివి."

"పరాయి పిల్లల్ని ఉంచుకుంటే పాపం కదండీ" అంది మంగతాయారు.

అంతే, గంపకెత్తి పక్కింటి సూరమ్మకి ఇచ్చొచ్చారు. ఆవిడ "నావి కావే" అనబోయి, గంపలోకి చూసి, మాట మింగేసి లోపలికి పట్టుకుపోయింది.

సాయంత్రం చిట్టెమ్మ బస్సు దిగింది. తెరమీద సున్నా చూపించి గవర్రాజు బావురుమన్నాడు. ఆవిడ గడపలోనే కూలబడింది. అత్తగారి ఏడుపు చూడలేక గవర్రాజు శ్రీహర్షకి ఫోన్ చేశాడు.

"ఆ సున్నా మారదురా?"

"పిల్లలు పుట్టాయా? మరి లెక్క మనమే రాయాలన్నానుగా. రైటర్ ఉంది, రాసెయ్యి మావయ్యా."

గవర్రాజు కళ్ళు తుడుచుకుని, అత్తగారి మీద ప్రేమకొద్దీ ఐదొందలు అని రాశాడు. మళ్ళీ అడిగితే రూబీ ఐదొందలు అంది. ఇంకేముంది, చిట్టెమ్మ లేచి అల్లుడి తల నిమిరి కంప్యూటర్‌కి దణ్ణం పెట్టింది. మంగతాయారు బస్తాడు నూకలు ఖాళీ పెట్టెలో కుమ్మరించింది. గోడవతల సూరమ్మ పెరట్లో కిచకిచలు హోరెత్తుతున్నాయి.

చిట్టెమ్మ కాసేపు చెవి ఒగ్గి విని మూతి విరిచింది. "పక్కింటివాళ్ళ పిల్లలు ఎలా గోల చేస్తున్నాయో చూడు. మనవి ఐదొందలుండీ ఒక్కటీ కిక్కురుమనడం లేదు. పెంపకం అల్లుడూ, పెంపకం" అంది.