వడకట్టిన నీళ్లు

ఇసిపాలుడికి ఒక ప్రశ్న తీరిపోయింది. తీరిందని అందరికీ గర్వంగా చెప్పాడు. ఆ గర్వం అడుగున కాస్త దిగులు కూడా ఉండేది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కృష్ణ ఒడ్డున గుట్ట మీద ఉన్న ఆ బౌద్ధ విహారంలో చేరేనాటికి అతనికి పదేళ్లు. చేరిన రోజు నుంచీ నోటికి విశ్రాంతి లేదు. నీళ్లలో ముంచిన కర్ర వంకరగా ఎందుకు కనిపిస్తుంది? గ్రహణం నాడు చంద్రుడు ఎర్రబడతాడెందుకు? చీకటికి బరువు ఉంటుందా? వడ్డించే భిక్షువు గరిటె ఎత్తి నిలబడితే, ఇతను పాత్ర చాపి ప్రశ్న వేసేవాడు. వెనక వరసలో ఉన్నవాళ్ల ఆకలితో అతనికి పని లేదు.

చిక్కుప్రశ్నలంటే మరీ పిచ్చి. "ఇవాళ నాకు మౌనవ్రతం అని నోటితో చెప్పినవాడికి వ్రతం ఉన్నట్టా, పోయినట్టా?" అని ఒకసారి భోజనాల దగ్గర అడిగాడు. పాపం, ఆ రోజు నిజంగానే మౌనవ్రతంలో ఉన్న ఒక ముసలి భిక్షువు "పోయినట్టే!" అని తన వ్రతం కాస్తా పోగొట్టుకున్నాడు. ఆయన ఇసిపాలుడితో నెల రోజులు మాట్లాడలేదు. ఆ విధంగా వ్రతం వడ్డీతో సహా నెరవేరిందని మిగతావాళ్లు నవ్వుకున్నారు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న చుక్కల మీద. మన లోకంలాంటి లోకాలు లెక్కకు అందనన్ని ఉన్నాయని విహారంలో పెద్దలు చదివించేవారు. మరి అక్కడ ఎవరున్నారు? వాళ్లకీ నదులున్నాయా? అక్కడ కూడా ఒకడు మెట్ల మీద కూచుని ఇటువైపు చూస్తూ, ఎవరున్నారని అడుగుతున్నాడా? సాయంకాలం మొదటి చుక్క పొడవగానే ఇసిపాలుడు రేవు మెట్ల మీదికి పోయి, పిలిచేదాకా అక్కడే ఉండిపోయేవాడు.

పాతికేళ్లు వచ్చేసరికి తర్కం వంటబట్టింది. ప్రశ్నకు జవాబు కూడా తానే కట్టాడు.

"ఈ నేల మీద కుండ లేదని ఎలా చెబుతున్నాం? ఉంటే కనిపించేది, కనిపించలేదు, కనుక లేదు. చుక్కల్లో సంగతీ అంతే. అక్కడ ఎవరైనా ఉంటే ఇన్ని యుగాల్లో ఒక్క కబురైనా రాదా? ఒక్క పిలుపైనా వినబడదా? వినబడలేదు. కనుక ఎవరూ లేరు."

విహారంలో ఈ వాదాన్ని విరగ్గొట్టినవాడు లేడు. గ్రంథాలు వల్లించబోయినవాళ్లని ఇసిపాలుడు రెండు మాటల్లో కూలేశాడు. గెలిచిన సాయంత్రం నుంచీ అతను మెట్ల మీదికి పోవడం మానేశాడు. ఎవరూ లేని ఇంట్లోకి తొంగిచూడ్డం ఎందుకని అతని ఉద్దేశం.

ఆ వేసవిలో ధాన్యకటకంలో వాదసభ పెట్టారు. మూడేళ్లకొకసారి జరిగే సభ అది. అక్కడ గెలిచినవాడికి తర్కం బోధించే పీఠం దక్కుతుంది. విహారం నుంచి నలుగురు పడవలో బయల్దేరుతున్నారు, వాళ్లలో ఇసిపాలుడు ఒకడు. కాకపోతే గురువు అనుజ్ఞ లేనివాడికి సభలో ఆసనం ఇవ్వరు.

అతని గురువు ధమ్మనంది స్థవిరుడు. డెబ్భై దాటిన పెద్ద భిక్షువు, మోకాళ్లు పట్టేసి కర్ర ఊతం మీద నడుస్తాడు. ఒకప్పుడు ఆయన తర్కానికి ఎదురుండేది కాదని చెప్పుకునేవారు. శిష్యుడి వాదం ఆయన మూడుసార్లు విన్నాడు. మూడుసార్లూ తలపంకించాడు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆ మౌనం ఇసిపాలుడికి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ప్రయాణం నాటి పొద్దున మిగతా ముగ్గురూ మూటలతో రేవుకు దిగిపోయారు. ఇసిపాలుడు గురువు దగ్గరికి పరుగున వచ్చి మోకరిల్లాడు.

"భంతే, పడవ సిద్ధంగా ఉంది. నాకు అనుజ్ఞ ఇవ్వండి."

"ఇస్తాను నాయనా," అన్నాడు స్థవిరుడు. "గొంతు ఆరిపోతోంది. ముందు కాసిని మంచినీళ్లు పట్రా."

ఇసిపాలుడు మూటతోనే బావికి ఉరికి, దాన్ని గట్టున పడేశాడు. చేద వేసి తోడాడు. చెంబు మూతికి గుడ్డ కప్పి నీళ్లు వడకట్టాడు. వాళ్లలో అది నియమం. వడకట్టని నీళ్లు ఏ భిక్షువూ తాగడు. నీళ్లతో పాటు ఏ ప్రాణినీ మింగకూడదు. అంతటితో అయిపోదు. వడకట్టిన గుడ్డను తిరగేసి చేదలో జాడించి, ఆ చేదను మళ్లీ అదే బావిలోకి దింపాలి. ఏ నీళ్లలో నుంచి వచ్చింది ఆ నీళ్లలోకే పోవాలి. ఇసిపాలుడు పదిహేనేళ్లుగా ఆ పని చేస్తూనే ఉన్నాడు. ఇవాళ పడవ తొందరలో గుడ్డను బావి పక్క రాళ్ల మీద రెండు దులుపులు దులిపి భుజాన వేసుకున్నాడు.

స్థవిరుడు చెంబు అందుకున్నాడు.

"వడకట్టావా?"

"వడకట్టాను భంతే."

"గుడ్డలో ఎవరైనా ఉన్నారా?"

"ఏమీ లేదు భంతే."

"ఏముందని నేను అడగలేదు."

ఇసిపాలుడు నోరు తెరిచాడు. ఎవరూ లేరు అనాలి. ఎన్నో వాదాల్లో తడబడకుండా అన్న మాటే అది.  కానీ అతను గుడ్డలోకి చూడలేదు.

"చూడలేదు భంతే," అన్నాడు.

"ఎక్కడ దులిపావు?"

"రాళ్ల మీద."

స్థవిరుడు చెంబును అలాగే కింద పెట్టాడు. ఒక్క గుక్క కూడా తాగలేదు. కర్ర పట్టుకుని లేచి, ఒక్కో అడుగూ వేసుకుంటూ బావి వైపు నడిచాడు. ఇసిపాలుడు వెనకే వెళ్లాడు. రేవు నుంచి తోటివాళ్ల మాటలు వినబడుతున్నాయి.

వేసవి ఎండ అప్పుడే రాళ్ల మీదికి వస్తోంది. దులిపిన చోట అరచేతి వెడల్పున తడి ఉంది. చుట్టూ అంచులు ఆరిపోతున్నాయి. స్థవిరుడు కర్ర పక్కన పడేసి, బాధకు పళ్లు బిగించి, ఎండకు వీపు పెట్టి కూచున్నాడు. ఆయన నీడ ఆ తడి మీద పడింది. చేదలో మిగిలిన నీళ్లలో వేళ్లు ముంచి, ఆరుతున్న అంచు చుట్టూ ఒక్కో చుక్కే విదిలించసాగాడు.

 ఇసిపాలుడు ఆయన పక్కన బోర్లా పడుకున్నంతగా వంగాడు.

మొదట రాయే కనిపించింది. తర్వాత తడి కనిపించింది. అప్పుడు ఆ తడిలో ఏదో ఎగిరిపడింది.

ఆవగింజలో సగం కూడా లేదు. ఒళ్లంతా గాజులా ఉంది, లోపల నల్లటి చుక్క ఒకటి. ఎగిరి పడుతోంది, ఆగుతోంది, మళ్లీ ఎగిరి పడుతోంది. దాని పక్కన ఎర్రటి నూలుపోగు ఒకటి మెలికలు తిరుగుతోంది. చూపు కుదురుకుంటున్న కొద్దీ ఇంకొకటి, ఆ వెనక ఇంకో నాలుగు. అంచులు ఆరుతుంటే అన్నీ నడిమధ్య లోతుకు జరుగుతున్నాయి. గురువు వేలి నుంచి చుక్క పడినప్పుడల్లా అటువైపు ఒక్కసారిగా కదులుతున్నాయి.

 పదిహేనేళ్లు! పొద్దునా సాయంత్రం ఈ గుడ్డ పట్టాడు. వీటిని పట్టి పైకి లాగిందీ తనే, కిందికి దింపిందీ తనే. ఒక్కసారి చూడలేదు. వీటికి తన ముఖం ఇప్పుడు ఎంత ఉండి ఉంటుంది? ఆకాశమంత ఉండదూ? ఇంత దగ్గరగా వంగి చూస్తున్నాడని వీటిలో దేనికైనా తెలుసా? అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు కింద పడకుండా గబుక్కున తుడుచుకున్నాడు. ఉప్పు వీటికి పడుతుందో లేదో తెలియదు.

"భంతే," అన్నాడు గుసగుసగా, "మరి అక్కడ, ఆ చుక్కల్లో..."

 స్థవిరుడు తలెత్తలేదు, చుక్కలు విదిలిస్తూనే ఉన్నాడు.

ఇసిపాలుడు భుజాన ఉన్న గుడ్డ తీసి, చేదలో తడిపి, దాని అంచును తడి పక్కన పరిచాడు. ఊపిరి బిగపట్టి కూచున్నాడు. ఎర్రపోగు గుడ్డ మీదికి ఎక్కింది. గాజులాంటి ప్రాణి దాటిపోయి వెనక్కి వచ్చింది. ఒక్కొక్కటే ఎక్కినకొద్దీ గుడ్డను చేదలో ముంచి వదిలాడు. మళ్లీ పరిచాడు.

రేవులో తెడ్డు చప్పుడైంది. తాడు విప్పుతున్నారు.

"ఇక చాలు, వెళ్లు నాయనా," అన్నాడు స్థవిరుడు. "అనుజ్ఞ ఇచ్చాను. సభలో నీ ఇష్టం వచ్చినట్టు వాదించు. మిగిలింది నేను చూసుకుంటాను."

ఇసిపాలుడు చేదను మెల్లగా బావిలోకి దింపాడు. అది నీళ్లను తాకాక తాడు సడలించాడు. చేద పక్కకు ఒరిగి, చప్పుడు లేకుండా మునిగింది. చేదను పైకి లాగి గట్టున పెట్టి, మూట ఎత్తుకోబోయి, మళ్లీ ఒకసారి రాళ్ల వైపు చూశాడు.

రెండు రాళ్ల మధ్య సందులో ఇంకా కాస్త తడి ఉంది. అందులో ఏదో ఎగిరిపడింది.

అతను మూట వదిలేసి మోకాళ్ల మీద కూచున్నాడు. చూపుడువేలిని చేదలోని నీళ్లలో తడిపి, సందు మీద ఒక చుక్క నిలబెట్టి, వంగి చూస్తున్నాడు.

కింద రేవులో నుంచి పడవవాడు గొంతెత్తి కేకేశాడు.

"అయ్యా! పైన ఇంకా ఎవరన్నా ఉన్నారా?"

ఇసిపాలుడు తలెత్తలేదు.

"ఉన్నారు," అన్నాడు, రేవుదాకా వినబడనంత మెల్లగా.